గ్రాఫిక్స్ కార్డు లేకుండా రాత్రి ఆటలకు ఏ ప్రాసెసర్?

కాగితంపడవ | సోమవారం, రాత్రి 9:12

నమస్కారం. పదకొండేళ్లు పనిచేసిన నా డెస్క్‌టాప్ పోయిన వారం మొరాయించింది, ఇక లేచేలా లేదు. ఈసారి విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించుకోవాలని సరదా. పగలంతా లెక్కల పని, రాత్రి ఓ గంటన్నర ఆట. ఆడేవి కూడా ఎన్నో కాదు: వాలరెంట్, జీటీఏ 5, స్టార్‌డ్యూ వ్యాలీ. తమ్ముడు సెలవులకు వస్తే మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్. మానిటర్ పాతదే ఉంచుకుంటున్నాను, 1080పి, 60 హెర్ట్జ్.

గ్రాఫిక్స్ కార్డుకు ఇప్పుడు డబ్బు లేదు. ఒకటి రెండేళ్లు ఆగి చూడాలి. వెతికి వెతికి మూడు ప్రాసెసర్ల దగ్గర ఆగాను: రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600జి. మొదటి రెండింటినీ అందరూ మెచ్చుకుంటున్నారు. మూడోది అదే సంఖ్యకు జి తగిలించినట్టుంది, పైగా వేగం కాస్త తక్కువ అంటున్నారు. మొదటిదే తీసుకోనా?

పాతఇనుము | సోమవారం, రాత్రి 9:31

డబ్బు కట్టేశారా? కట్టకపోతే ఆగండి.

మొదటి రెండింటిలో ఏది కొన్నా మీకు ఆటల సంగతి అటుంచి, వెలిగించగానే వచ్చే బయోస్ తెర కూడా కనబడదు. 5600లో, 12400ఎఫ్‌లో గ్రాఫిక్స్ భాగమే లేదు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది కదా అని చాలామంది మోసపోతారు. ఆ పోర్టుకు బొమ్మ పంపాల్సింది ప్రాసెసరే. లోపల పంపేవాడు లేకపోతే ఆ పోర్టు గోడకు గీసిన కిటికీ.

వెనక అక్షరం చూసి కొనండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదని అర్థం. రైజెన్ చేసే ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే గూడు) దీనికి తలకిందులు: జి ఉంటేనే గ్రాఫిక్స్ ఉంది. 5500, 5600, 5600ఎక్స్, 5700ఎక్స్ వీటిలో దేనికీ లేదు. వీటిలో 5500 మరీ తమాషా. అది 5600జి చిప్పే, గ్రాఫిక్స్ భాగాన్ని మూసేసి అమ్ముతారు. 2024 జనవరిలో వచ్చిన 5500జీటీ, 5600జీటీలకు మాత్రం ఉంది. తరవాతి సాకెట్ ఏఎం5లో మళ్లీ లెక్క మారుతుంది, అది ఎవరైనా అడిగితే చెబుతాను.

చీమలదండు | సోమవారం, రాత్రి 9:44

అక్షరం చూడకుండా కొన్నవాణ్ని ఇక్కడే ఉన్నాను. ఫ్యాను తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం అమావాస్య. ర్యామ్ తీసి పెట్టాను, కేబుల్ మార్చాను, మానిటర్‌ను తిట్టాను. మూడు గంటల తరవాత పెట్టె మీద అచ్చు చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాగితంపడవ | సోమవారం, రాత్రి 10:05

అమ్మయ్య, ఇంకా కట్టలేదు. పాతఇనుము గారికి ధన్యవాదాలు.

అయితే రెండు సందేహాలు. 5600 కన్నా 5600జి వేగం తక్కువ అనేది నిజమేనా? ఇంటెల్‌లో ఎఫ్ లేని మామూలు 12400 తీసుకుంటే ఎలా ఉంటుంది? అందులో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ ఉందని రాశారు.

నత్తనడక | సోమవారం, రాత్రి 11:20

నా దగ్గర 5600జి ఉంది, రెండున్నరేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

వేగం తక్కువన్న మాట నిజమే, కానీ ఎక్కడ తక్కువో చూడాలి. రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, అదే జెన్ 3 నిర్మాణం. తేడా ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, ఎల్3 క్యాష్‌లో ఉంది: 5600లో 32 ఎంబీ, 5600జిలో 16. ఇంకొకటి, గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే దారి: 5600కు పీసీఐ 4.0 ఉంది, 5600జి 3.0 దగ్గరే ఆగింది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు తగిలించి, 144 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చుంటే ఆ తేడా కనబడుతుంది. మీ 60 హెర్ట్జ్ తెర మీద, అదీ లోపలి గ్రాఫిక్స్‌తో, ఆ తేడాను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అక్కడ పనిని ఆపేది ఎప్పుడూ గ్రాఫిక్స్ భాగమే.

12400 మంచి ప్రాసెసర్. లెక్కల పనికి దానికి వంక పెట్టలేం. కానీ అందులో ఉన్నది యూహెచ్‌డీ 730, అంటే 24 ఎగ్జిక్యూషన్ యూనిట్లు. వీడియోలకు, కార్యాలయపు పనికి కావలసినంత. స్టార్‌డ్యూ వ్యాలీ హాయిగా ఆడుతుంది. వాలరెంట్ కింది సెట్టింగుల్లో నెట్టుకురావచ్చు. జీటీఏ 5 మాత్రం 720పికి దించాలి, దించినా నగరం మధ్యలో కారు తోలుతుంటే తడబడుతుంది. 12100లో ఉన్నదీ ఇదే గ్రాఫిక్స్. 12500లో 770 వస్తుంది, 32 యూనిట్లు. అదీ 5600జి లోపలి వేగా గ్రాఫిక్స్ దరిదాపులకు రాదు.

5600జిలో వేగా 7 ఉంది, 1900 మెగాహెర్ట్జ్. మీరు రాసిన ఆటలన్నీ ఆడుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో వెలుగునీడల హంగులు చేర్చే షేడర్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఎండమావి | మంగళవారం, ఉదయం 7:50

ఇంకా వేగా ఏమిటండీ! ఆ నిర్మాణం 2017 నాటిది. కొత్తగా కడుతున్నప్పుడు ఏఎం5కు వెళ్లకుండా పాత సాకెట్‌లో ఇరుక్కోవడం ఎందుకు? రైజెన్ 5 8600జి చూడండి. జెన్ 4 కోర్లు 6, లోపల రేడియాన్ 760ఎం, ఆర్‌డీఎన్‌ఏ 3 నిర్మాణం, 8 కంప్యూట్ యూనిట్లు (ఇంటెల్ యూనిట్ల లెక్క వేరు, వాటితో పోల్చకండి). వేగా 7ను చాలా దూరంలో వదిలేస్తుంది. వేగాలో రే ట్రేసింగ్, మెష్ షేడర్లు లాంటి కొత్త గ్రాఫిక్స్ హంగులు లేవు, కొత్త ఆటలు కొన్ని అసలు మొదలే కావు. 2023 నుంచి ఏఎండీ వేగా డ్రైవర్లను వేరు చేసి, ముఖ్యమైన మరమ్మతులకే పరిమితం చేసింది. ఇక దాన్ని కొత్తగా ఎవరైనా కొంటారా?

పాతఇనుము | మంగళవారం, ఉదయం 9:15

ఎండమావీ, నువ్వు చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. 8600జి మేలైనదే. 8700జి ఇంకా మేలు, అందులో 780ఎం, 12 యూనిట్లు. కానీ పిండి కొద్దీ రొట్టె. ఏఎం5 అంటే ప్రాసెసర్ ఒక్కటే కాదు. బోర్డు కొత్తది, ర్యామ్ డీడీఆర్5. ఆ మూడూ కూడి, పక్కన ఏఎం4 మూడూ కూడి చూడమను. ఆ తేడాతో చిన్న కార్డు ఒకటి కొనగలిగితే 8600జి వాదన అక్కడితో ముగిసింది. కొనలేకపోతే వాదన బతికే ఉంటుంది. ఆ లెక్క ఆవిడే వేసుకోవాలి. లెక్కల మనిషేనన్నారుగా.

ఆవిడ అడిగిన ఆటల్లో మెష్ షేడర్లు కోరేది ఏదీ లేదు. స్టార్‌డ్యూ వ్యాలీకి రే ట్రేసింగ్ ఎందుకు నాయనా?

ఏఎం5లో ఉన్న గోతులు కూడా చెప్పి పంపిద్దాం. రైజెన్ 7000 వరుసలో, ఉదాహరణకు 7600లో, జి లేకపోయినా గ్రాఫిక్స్ ఉంటుంది. కానీ అది 2 యూనిట్లే. తెర వెలిగించడానికి, అంతే. దాన్ని చూసి ఆటలకు పనికొస్తుందని కొనకూడదు. 7500ఎఫ్, 8400ఎఫ్‌లలో అదీ లేదు. ఇక 8500జి. పేరు చూస్తే 8600జికి తమ్ముడిలా ఉంటుంది, లోపల సగమే: 740ఎం, 4 యూనిట్లు. పైగా అందులో రెండే పూర్తి జెన్ 4 కోర్లు, మిగతా నాలుగు చిన్నవి, జెన్ 4సి. తరవాత గ్రాఫిక్స్ కార్డు పెడితే దానికి దొరికేవి 4 పీసీఐ లేన్లే. 8600జిలో 8 దొరుకుతాయి.

గుడ్లగూబ | మంగళవారం, రాత్రి 12:40

నేను ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతాను, ఎప్పటిలాగే ఎవరూ వినరు. వాడిన గ్రాఫిక్స్ కార్డు కొనండి. ఆర్ఎక్స్ 580 పాతదే, కానీ దాని సొంత మెమరీ సెకనుకు 256 జీబీ మోస్తుంది. మీ 5600జి, 8600జి రెండూ దాని ముందు పిల్లకాలువలు. ప్రాసెసర్ 5600 తీసుకుని, వాడిన కార్డు పెడితే కథ కంచికి.

పాతఇనుము | బుధవారం, ఉదయం 8:30

గుడ్లగూబా, విన్నాం. వినడమే కాదు, పాటించి చేతులు కాల్చుకున్నవాళ్లం కూడా. 580 ఒక్కటే 185 వాట్లు తింటుంది, 8 పిన్నుల కేబుల్ కావాలి, దానికి తగ్గ పవర్ సప్లై కావాలి. మొదటిసారి కంప్యూటర్ బిగిస్తున్నవాళ్లకు, ఎన్నాళ్లు ఎవరి దగ్గర మండిందో తెలియని కార్డు అప్పగించడం నాకు ఇష్టం లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక కార్డు పది నిమిషాలు బాగానే ఆడేది. పదకొండో నిమిషంలో తెర నిండా పచ్చ చారలు. అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు.

చిన్న కార్డుల విషయంలో ఒక హెచ్చరిక. జీటీ 1030 పేరుతో రెండు కార్డులున్నాయి. ఒకదాంట్లో జీడీడీఆర్5, సెకనుకు 48 జీబీ. రెండోదాంట్లో డీడీఆర్4, దాదాపు 17 జీబీ. పెట్టె మీద పేరు అదే, పోలిక మాత్రం లేదు. 5600జి ఉన్న ఇంటికి ఏ 1030నూ తేకండి, దండగ.

నత్తనడక | బుధవారం, రాత్రి 10:10

ఇంత మాట్లాడాం కానీ అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. ర్యామ్.

లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌లోంచే అదీ తోడుకుంటుంది. బావి ఒకటే, తోడేవాళ్లు ఇద్దరు. ఒక్క ర్యామ్ స్టిక్ పెడితే ఆ బావికి ఒకటే గిలక. డీడీఆర్4 3200 ఒక్క స్టిక్ అయితే సెకనుకు 25.6 జీబీ. అదే రెండు పెడితే 51.2. కాబట్టి 16 జీబీ కావాలంటే 16ది ఒకటి కాదు, 8వి రెండు. చాలా చోట్ల కట్టి ఇచ్చే కంప్యూటర్లలో ఒక్క స్టిక్ పెట్టి, తరవాత ఇంకొకటి వేసుకోవచ్చు కదా అంటారు. ఆ తరవాత ఎప్పటికీ రాదు, కంప్యూటర్ జీవితమంతా ఒంటికాలి మీద కుంటుతుంది.

ఈ సాయంత్రం ఊరికే ఉండలేక నా యంత్రం మీదే ప్రయత్నించాను. జీటీఏ 5లో ఉన్న పరీక్ష, 1080పి, నార్మల్ సెట్టింగులు. రెండు స్టిక్కులతో సెకనుకు 60కి కాస్త అటూ ఇటూ ఫ్రేములు వచ్చాయి. ఒకటి పీకేసి మళ్లీ నడిపాను. 40 దగ్గర కూలబడింది. సగటు కన్నా బాధ పెట్టింది మధ్యమధ్యలో వచ్చే ఆగుడు. విమానం వంతెన కింద దూరే చోట తెర ఒక్క క్షణం ఫొటోలా నిలిచిపోయింది. ప్రాసెసర్ అదే, ఆట అదే. తీసింది వేలెడంత పలక.

ఆ పలక తిరిగి పెట్టేటప్పుడు వేళ్లు నొప్పి పుట్టాయి. రెండు వైపులా టక్‌మనేదాకా నొక్కాలి, కాగితంపడవ గారూ. ఒక వైపే టక్‌మంటే కూర్చోనట్టే లెక్క.

ఎండమావి | బుధవారం, రాత్రి 10:34

ఇది డీడీఆర్4 గొడవ. డీడీఆర్5 ఒక్క స్టిక్‌లోనే రెండు ఛానళ్లు ఉంటాయి. 8600జికి ఒక్కటి చాలు.

నత్తనడక | బుధవారం, రాత్రి 10:52

చాలదు. డీడీఆర్5 స్టిక్‌లో రెండు ఉప ఛానళ్లున్న మాట నిజమే, కానీ ఒక్కొక్కటి 32 బిట్లు. రెండూ కలిస్తే అదే పాత 64 బిట్లు. ఒకే దారిని మధ్యలో గీత గీసి రెండు వరుసలు చేశారు, దారి వెడల్పు పెరగలేదు. 6000 వేగంతో రెండు స్టిక్కులు పెడితే 96 జీబీ, ఒకటే పెడితే 48. అంటే ఒంటి స్టిక్‌తో నీ 8600జి మెమరీ పరంగా నా 5600జి కన్నా వెనకే ఉంటుంది. 760ఎం కొని ఒక్క స్టిక్ పెట్టడమంటే గుర్రాన్ని కొని కళ్లెం కట్టి దొడ్లో ఉంచడమే.

ఎండమావి | బుధవారం, రాత్రి 11:01

సరే, ఇది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

చీమలదండు | బుధవారం, రాత్రి 11:03

ఈ వేదికలో ఎవరో ఒప్పుకున్నారు! పంచాంగంలో రాసి పెట్టుకోండి.

కాగితంపడవ | గురువారం, రాత్రి 9:20

అన్నీ రెండేసి సార్లు చదివాను. కాగితం మీద మూడు వరుసలు వేసుకున్నాను: ప్రాసెసర్, బోర్డు, ర్యామ్. పాతఇనుము గారు అన్నట్టే 8600జి దారిలో బోర్డు, ర్యామ్ దగ్గరే లెక్క పెరిగిపోతోంది. ఆ తేడా దాచుకుని తరవాత కార్డు కొనడం నాకు నచ్చింది. వాడిన కార్డు ఇప్పుడు వద్దు, గుడ్లగూబ గారు ఏమీ అనుకోవద్దు.

5600జి, 8 జీబీ 3200 స్టిక్కులు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. బోర్డు బీ550 తీసుకోవాలా, ఏ520 చాలా? తరవాత కార్డు పెట్టాలనుకుంటే ఏమైనా చూసుకోవాలా?

పాతఇనుము | గురువారం, రాత్రి 10:15

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు రెండేళ్ల తరవాతి కార్డు కోసం ఇప్పుడే బీ550 మీద ఖర్చు పెట్టనక్కరలేదు. బీ550 గొప్పతనం పీసీఐ 4.0. 5600జికి అది ఎలాగూ లేదు. ఏ520 చాలు. ర్యామ్‌కు నాలుగు స్లాట్లున్నది దొరికితే మంచిది, లేకపోతే రెండున్నా పర్వాలేదు.

బోర్డు పాత సరుకైతే బయోస్ పాతది ఉండొచ్చు, అప్పుడు 5600జిని గుర్తు పట్టదు. ఈ ప్రాసెసర్ 2021లో వచ్చింది, బోర్డు అంతకు ముందు ఏడాదిది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ కొన్ని బోర్డుల మీద ఉంటుంది. అది లేకపోతే అమ్మేవాళ్లనే మార్చి ఇమ్మనండి.

తరవాత కొనే కార్డు గురించి ఒక్క మాట. ఆర్ఎక్స్ 6400 చిన్నది, 53 వాట్లే, వేరే కేబుల్ అక్కరలేదు, ముచ్చటగా ఉంటుంది. కానీ అది 4 లేన్లతోనే నడిచే కార్డు. పీసీఐ 3.0 మీద పెడితే దానికి దారి సగమవుతుంది. మీ ప్రాసెసర్‌కు అదే 3.0. కాబట్టి 16 లేన్లున్న కార్డు చూసుకోండి. జీటీఎక్స్ 1650 అలాంటిదే, దానిలోనూ వేరే కేబుల్ అడగని రకాలున్నాయి. అప్పటికి ఇంకేం వస్తాయో, అప్పుడే మాట్లాడుకుందాం. పవర్ సప్లై మాత్రం ఇప్పుడే మంచిది కొనండి. పొదుపు చేయకూడని చోటు అదొక్కటే.

ప్రాసెసర్‌తో కూలర్ పెట్టెలోనే వస్తుంది. మీ పనికి అది సరిపోతుంది.

కాగితంపడవ | మరుసటి ఆదివారం, రాత్రి 8:45

బిగించాను! నాలుగు గంటలు పట్టింది, ఒక స్క్రూ మిగిలింది, అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. మొదటిసారి నొక్కగానే తెర వెలిగింది. తమ్ముడికి ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాను.

కానీ ఆటలు మీరు చెప్పినట్టు లేవు. జీటీఏ 5 నార్మల్‌లో 35, 38 మధ్య కొట్టుకుంటోంది. పైగా సెట్టింగుల్లో వీడియో మెమరీ గీత ఎర్రగా మారి, ఇంకేదీ పెంచనివ్వడం లేదు. వాలరెంట్ అయితే తెరుచుకోనే లేదు, ఏదో టీపీఎం అంటోంది. రెండు స్టిక్కులూ పెట్టాను. తప్పు ఎక్కడ చేశాను?

నత్తనడక | ఆదివారం, రాత్రి 8:58

కంగారు పడకండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. స్పీడ్ ఎదురుగా ఎంత ఉంది? రెండో సంగతి, బోర్డు మీద స్లాట్లు నాలుగా? స్టిక్కులు ఏ స్లాట్లలో ఉన్నాయి?

కాగితంపడవ | ఆదివారం, రాత్రి 9:06

స్పీడ్ 2400 అని ఉంది. స్లాట్లు నాలుగు. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న రెండింటిలో పక్కపక్కనే పెట్టాను. అందంగా ఉంటుందని.

పాతఇనుము | ఆదివారం, రాత్రి 9:09

అందంగానే ఉంటుంది. ఒకే ఛానల్‌లో రెండూ కూర్చున్నాయి, అంతే.

నత్తనడక | ఆదివారం, రాత్రి 9:21

రెండూ దొరికాయి. వరసగా చేయండి.

కంప్యూటర్ ఆపి, వెనక స్విచ్ కూడా ఆపి, స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి లెక్క పెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టండి. బోర్డు పుస్తకంలో వాటిని ఏ2, బీ2 అంటారు. మళ్లీ వెలిగించేటప్పుడు డిలీట్ మీట నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ ఎక్స్ఎంపీ అనో డీఓసీపీ అనో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. స్టిక్కుల మీద 3200 అని అచ్చు వేసి ఉన్నా, అది ఆన్ చేసేదాకా కొన్ని స్టిక్కులు భద్రంగా తక్కువ వేగంలోనే నడుస్తాయి.

బయోస్‌లోనే యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అని వెతకండి, గ్రాఫిక్స్ కోసం ర్యామ్‌లోంచి ముందే తీసిపెట్టే భాగం అది. ఆటో అని ఉంటే 2 జీబీ చేయండి. గ్రాఫిక్స్ ఇంతకన్నా ఎక్కువ కావలసి వస్తే ర్యామ్‌లోంచి తానే తీసుకుంటుంది, కాబట్టి ఇది పెంచితే వేగం పెరగదు. కానీ జీటీఏ 5 ఆ సంఖ్యను చూసే గీత గీస్తుంది. 512 ఎంబీ కనబడితే గీత ఎర్రబడుతుంది. 2 జీబీ ఇస్తే విండోస్ మీకు దాదాపు 14 జీబీయే చూపిస్తుంది, మిగతాది ఎవరో ఎత్తుకుపోలేదు.

వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ అడుగుతుంది. మీ ప్రాసెసర్‌లోనే ఎఫ్‌టీపీఎం పేరుతో ఆ టీపీఎం ఉంది, బయోస్‌లో అది కూడా ఆన్ చేయండి. ఆన్ చేశాక అప్పుడప్పుడూ ఒక క్షణం తడబాటు వస్తే బయోస్ పాతదని గుర్తు. ఆ తడబాటు సంగతి 2022లో ఏఎండీయే చెప్పి, బయోస్‌లో దిద్దింది.

కాగితంపడవ | ఆదివారం, రాత్రి 10:37

స్టిక్కులు మార్చాను. రెండు వైపులా టక్‌మంది. ఎక్స్ఎంపీ ఆన్, ఎఫ్‌టీపీఎం ఆన్, 2 జీబీ ఇచ్చాను. ఇప్పుడు సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ర్యామ్ వేగం చూస్తే 1600 అంటోంది! 3200 కావాలి కదా? సగమైపోయిందా?

చీమలదండు | ఆదివారం, రాత్రి 10:40

నిద్రపోండి. అది సరైనదే. ఆ ప్రోగ్రామ్ అసలు గడియారాన్ని చూపిస్తుంది, డీడీఆర్ అంటే ఒక టిక్కుకు రెండు సార్లు. 1600ను రెండుతో గుణించండి. మేమందరం ఒకసారి దీనికి భయపడినవాళ్లమే.

కాగితంపడవ | ఆదివారం, రాత్రి 11:48

నిద్ర ఎలా పోతాను? జీటీఏ 5, 1080పి నార్మల్, 58 నుంచి 64. కొండల మీద గడ్డి దట్టంగా ఉన్న చోట 50కి దిగింది. నీడలు ఒక మెట్టు తగ్గించాను, మళ్లీ లేచింది. వాలరెంట్ కింది సెట్టింగుల్లో వందకు పైనే, నా మానిటర్‌కు అంతా వృథా. స్టార్‌డ్యూ వ్యాలీలో ఫ్యాను చప్పుడే వినబడలేదు.

గంట ఆడాక ఉష్ణోగ్రత 74. ఇది సరేనా?

పాతఇనుము | సోమవారం, ఉదయం 7:30

సరే. దాని హద్దు 95. 74లో అది చెమట కూడా పట్టదు. వాలరెంట్‌లో ఫ్రేములను 75 దగ్గర కట్టడి చేయండి, వందలు వచ్చినా మీ తెర చూపేది 60. చప్పుడు, వేడి రెండూ తగ్గుతాయి.

ఏదైనా ఆట బరువనిపిస్తే సెట్టింగులన్నీ తవ్వకుండా ముందు రిజల్యూషన్ దించండి. 1080పి అంటే 20.7 లక్షల చుక్కలు, 900పి అంటే 14.4 లక్షలు, 720పి అంటే 9.2 లక్షలు. ఒక్క మెట్టు దిగితే దాదాపు మూడో వంతు బరువు పోతుంది. ఎఫ్ఎస్ఆర్ (చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే పద్ధతి) ఉన్న ఆటల్లో అది కూడా పనికొస్తుంది, వేగా మీద కూడా నడుస్తుంది. కాకపోతే 1080పిలో దాన్ని మరీ కిందికి దించితే చెట్లన్నీ తడిసిన రంగులా అవుతాయి. నాకైతే నచ్చదు, కళ్లు మీవి.

గుడ్లగూబ | సోమవారం, రాత్రి 1:15

580 అయితే హై సెట్టింగుల్లో ఆడేవారు. ఊరికే చెబుతున్నాను.

తీగలపెట్టె | మూడు వారాల తరవాత, శనివారం సాయంత్రం 5:02

అందరికీ నమస్కారం. కొత్తగా చేరాను. కంప్యూటర్ బిగించాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద సిగ్నల్ లేదు అని వస్తోంది. ర్యామ్ రెండు సార్లు తీసి పెట్టాను, కేబుల్ కూడా మార్చాను. ప్రాసెసర్ రైజెన్ 5 5500. బోర్డు పాడైందా?

కాగితంపడవ | శనివారం, సాయంత్రం 5:09

బోర్డు బాగానే ఉండి ఉంటుందండీ, కేబుల్ కూడా. 5500లో గ్రాఫిక్స్ లేదు. పెట్టె అట్ట, ప్లాస్టిక్ గూడు పారేయకుండా ఉంచారా? ఉంచితే ఈ రోజే 5600జికి గానీ 5500జీటీకి గానీ మార్చి ఇస్తారేమో అడిగి చూడండి, బోర్డు, ర్యామ్ అవే సరిపోతాయి. మార్చకపోతే ఎవరి దగ్గరైనా పాత కార్డు ఒకటి అరువు తెచ్చి ముందు తెర వెలిగించుకోండి, గుడ్లగూబ గారు సాయం చేస్తారు. కూలర్ విప్పేటప్పుడు నేరుగా పైకి లాగకండి, కాసేపు నడిపి పేస్టు వేడెక్కాక కంప్యూటర్ ఆపి, తీగ పీకి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. ఏఎం4లో లాగితే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని సాకెట్ లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.

అవునూ, ర్యామ్ ఏ స్లాట్లలో పెట్టారు?